జీవరాజు గారి బోణీ

మా ఆయన బుల్లబ్బాయికి పిండి కలపడం వచ్చు గానీ మనుషులతో మాట్లాడటం రాదు. అందుకే బజ్జీల కొట్టు ముందు కూర్చునేది ఎప్పుడూ నేనే. నాకు నోరెక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, "శేషారత్నం ఉన్నవీ లేనివీ కలిపి చెబుతోంది" అని తరవాత ఎవరూ అనకుండా. ఇప్పుడు చెప్పేది జీవరాజు గారి సంగతి. అందులో నేను కొత్తగా కలపాల్సిందేమీ లేదు.

సికింద్రాబాదులో తిరుమలగిరి దాటాక ఆనంద విహార్ అని ఒక పార్కుంది. ఆ పేరు టికెట్టు మీద చూడటమే తప్ప ఎవరి నోటా నేను వినలేదు. అందరికీ అది చిట్టిరైలు పార్కు. పెద్ద చక్రం, నీళ్ళ ఫౌంటెను, తొండం మీంచి పిల్లలు జారే సిమెంటు ఏనుగు, వాటన్నిటి చుట్టూ తిరిగే చిట్టిరైలు. రెజిమెంటల్ బజార్లో ఏ ఇంట్లోకి వెళ్ళినా ఆ ఏనుగు ముందు తీయించుకున్న ఫొటో ఒకటి గోడకి కనబడుతుంది. ఆ రైలు స్టేషను పక్కనే వరసగా మా కొట్లు ఉండేవి. మాది బజ్జీలూ కాఫీ, పక్కన ఫొటోల కొట్టు, దాని పక్కన చెరుకు రసం, ఆ చివర బిక్షం బుడగలు. మేం తుని నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళం. బిక్షం ఇక్కడివాడే. నన్ను అక్కా అంటాడు, నాతో రోజూ పోట్లాడతాడు.

జీవరాజు గారు సికింద్రాబాదు స్టేషన్లో పార్సిల్ ఆఫీసు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. చిలకలగూడలో ఒక్క గదిలో ఉండేవారు. పిల్లలు లేరు. భార్య ఎలీసబెతమ్మ గారు బతికున్నప్పుడు ఇద్దరూ అప్పుడప్పుడూ పార్కుకొచ్చి, చిన్నపిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, రైల్లో ఒక చుట్టు తిరిగి నవ్వుకుంటూ దిగేవారు. ఆవిడ పోయాక ఆయన ఒక్కరే రావడం మొదలుపెట్టారు. రైలెక్కేవారు కాదు. స్టేషను బెంచీ మీద కూర్చునేవారు. రైలు వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవారు, ఎవరినో దింపుకోవడానికి వచ్చిన మనిషిలా. పలకరించాలంటే ఏం మాట్లాడాలో నాకే తెలిసేది కాదు, ఇంత నోరుండి.

ఒక ఏడాది శ్రావణంలో ముసురు పట్టి వారం రోజులు పార్కులో పిట్ట లేదు. పొద్దున్నే పొయ్యి వెలిగించడం, సాయంత్రం ఆర్పేయడం. ఆ వారం చివర జీవరాజు గారు గొడుగు దులుపుకుంటూ వచ్చి, "కాఫీ ఉందా అమ్మా?" అని నోటు చేతిలో పెట్టారు. అదే బోణీ. నోటు కళ్ళకద్దుకుని, పొయ్యి చుట్టూ ఒకసారి తిప్పి డబ్బాలో వేశాను. ఆయన కాఫీ తాగడం అవలేదు, నాలుగు బస్సుల నిండా ఏదో బడి పిల్లలు దిగారు. ఓరి నాయనో, ఆ రోజు నూనె చాలక మా ఆయన బజారుకి పరుగెత్తాడు!

ఇంక నేనూరుకుంటానా? వరస మొత్తానికీ చాటింపు వేశాను. మర్నాడు పొద్దున ఆయన రాగానే, "జీవరాజు గారూ, మీ చెయ్యి చాలా మంచిదండీ, ఇవాళ కూడా మీదే బోణీ" అన్నాను. ఆయన కంగారు పడిపోయారు.

"అయ్యో, మాకివన్నీ ఉండవమ్మా. మా చర్చి సంఘంలో తెలిస్తే నన్ను ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి కూడా రానివ్వరు."

"మీకుండకపోతే ఏం, మాకున్నాయి కదండీ. మీరు కాఫీ తాగండి, మిగతాది మేం చూసుకుంటాం."

ఆయన జేబులోంచి నోటు తీశారు. "నా చేతిలో ఏముందమ్మా? మీ వ్యాపారం బాగుండాలని ప్రార్థన చేసి ఇస్తాను. అంతవరకైతే తప్పు లేదు" అన్నారు. కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, నోటు ఇచ్చారు. అలా మొదలైంది.

నెల తిరిగేసరికి వరసలో అందరూ ఆయన లేకుండా పని మొదలుపెట్టడం మానేశారు. నా దగ్గర కాఫీ, ఆ అవతల అర గ్లాసు చెరుకు రసం, బిక్షం దగ్గర ఒక బుడగ. ప్రతి కొట్టు ముందూ కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన. ఆ బుడగ ఎవరో ఒక పిల్లకి ఇచ్చేవారు. ఫొటోల కొట్లో రోజూ ఏం కొంటారు పాపం, కవరు ఒకటి కొనేవారు. ఆయన గదిలో అటక ఫొటో కవర్లతో నిండిపోయి ఉంటుంది. ఆయన తెల్లచొక్కా మీద ఇస్త్రీ మడతలు కూడా అప్పట్నించే కనబడ్డాయి. భీమవరంలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళమంటే, "నేను వెళితే మీకెలాగమ్మా?" అన్నారు. వెళ్ళనేలేదు. జ్వరంతో కూడా మఫ్లరు చుట్టుకుని వచ్చారు.

ఆదివారాల సంగతి చెప్పాలి. పార్కుకి అసలు బేరం ఆదివారమే. జీవరాజు గారికేమో చర్చి. ఆరాధన అయ్యి ఆయన బస్సెక్కి వచ్చేదాకా మా వరసలో ఒక్కరూ అమ్మేవాళ్ళు కాదు. జనం డబ్బులు పట్టుకుని నిలబడేవారు. "నూనె కాగలేదండీ" అని నేను. నూనె పొగలు కక్కుతుండేది! బిక్షం చేతిలో బుడగలు పట్టుకునే, "జెర ఆగున్రి, గాలి కొడుతున్న" అనేవాడు. మధ్యమధ్యలో నా దగ్గరికొచ్చి, "అక్కా, గీ పాస్టరు సారుకు జెర చెప్పరాదే, ప్రసంగం జల్ది ఖతం చేయమని. పరేషాన్ అయితున్నది" అని గునిసేవాడు. గేటు దగ్గర తెల్లచొక్కా కనబడగానే అందరం లేచి నిలబడేవాళ్ళం. చర్చిలో ఆయనకు తెలిసిన డోరమ్మ గారట, "ఏం జీవరాజు గారూ, ఆఖరి పాట అవకుండానే చెప్పులు వెతుక్కుంటున్నారు, ఎవరు ఎదురు చూస్తున్నారు మీకోసం?" అని ఆటపట్టించిందట. "చూసేవాళ్ళున్నారమ్మా" అన్నానని, ఆ మాట ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో.

రెండువేల నాలుగో అయిదో, సరిగ్గా గుర్తులేదు, పార్కు చేతులు మారింది. కొత్త యజమానులు బొంబాయి నుంచి ఒక కాఫీ కంపెనీని తీసుకొచ్చారు. పేరు మోకా మహల్. ఊరూరా ఒకేలాంటి కొట్లున్న కంపెనీ. మహల్ అట, నా మొహం! నాలుగు గాజు గోడలు, లోపల ఏసీ. అది కట్టడానికి మా వరస మొత్తం లేపేశారు. ఫొటోలవాళ్ళూ చెరుకు రసంవాళ్ళూ ఎటో వెళ్ళిపోయారు. మేమూ బిక్షమూ గేటు బయట, బస్టాపుకెదురుగా బండ్లు పెట్టుకున్నాం. అది కడుతున్న నెల రోజులూ జీవరాజు గారు మా రెండు బండ్లకీ బోణీ చేసి, పార్కులోకి వెళ్ళి, గాజు గోడలు లేవడం చూస్తూ బెంచీ మీద కూర్చునేవారు.

పార్కు మేనేజరు కామరాజు మాత్రం పాతవాడే. ఒకరోజు జీవరాజు గారి భుజమ్మీద చెయ్యేసి, "మహల్‌కి కూడా బోణీ మీదే సార్. మీ చెయ్యి పడకుండా షటరు ఎత్తనివ్వను" అన్నాడు. మాటవరసకన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలీదు. జీవరాజు గారు మాత్రం దానికోసం క్షవరం చేయించుకున్నారు. ఎలీసబెతమ్మ గారు కొనిపెట్టిన వాచీకి కొత్త పట్టీ వేయించారు. "పెద్ద కంపెనీ కదమ్మా, కాస్త ఎక్కువసేపు ప్రార్థన చెయ్యాలేమో" అన్నారు. ఆయన మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. నాకు లోపల ఎందుకో గుబులుగానే ఉంది.

ప్రారంభం రోజున పాత కొట్లవాళ్ళం కదా అని మమ్మల్ని కూడా కామరాజు లోపలికి పిలిచాడు. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. ఎవరో బొంబాయి ఆఫీసరు ఇంగ్లీషులో మాట్లాడాడు. కామరాజు మాట తప్పలేదు, జీవరాజు గారిని ముందుకు తోశాడు. గల్లాపెట్టె దగ్గర టోపీ పెట్టుకున్న ఒక చిన్నపిల్ల. మంచి పిల్లే, దాన్నేం అనకూడదు. "సర్, ఏం కావాలి?" అంది. ఆయన కాఫీ అన్నారు. నోటు చేతిలో పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి.

"సర్? వెనక క్యూ ఉంది సర్."

ఆయన కళ్ళు తెరిచి నోటిచ్చారు. ఆ పిల్ల మిషన్ కేసే చూస్తూ తీసుకుంది, దాని మీద ఏదో నొక్కింది, సొరుగులో పడేసింది. కళ్ళకద్దుకోలేదు. ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అద్దుకుంటుందని చూస్తున్నారు. ఆ పిల్లకేం తెలుసు? "చిల్లర రాదు సర్, సరిపోయింది" అంది.

ఇంతలో ఆ కాఫీ యంత్రం బుస్సుమంది. తరవాత ఠప్పుమని ఒక చప్పుడు. దీపాలు పోయాయి, ఏసీ ఆగిపోయింది. బయట చిట్టిరైలు పిల్లలతో సహా ఏనుగు వెనకాల నిలిచిపోయింది. ఏడుపులు, కేకలు. బొంబాయి ఆఫీసరు కామరాజు మీద మండిపడ్డాడు. కామరాజు భయపడిపోయి, "ఈయన చెయ్యి మంచిదనే సార్ పిలిచింది" అన్నాడు. జనంలో ఎవడో, "అబ్బ, ఏం చెయ్యండీ బాబూ!" అన్నాడు. అందరూ నవ్వారు. కామరాజు కూడా నవ్వాడు.

అంతటితో పోయినా బాగుండేది. ఆ పిల్ల ఆయన ఇచ్చిన నోటు పట్టుకుని వచ్చింది. "సారీ సర్, బిల్లు క్యాన్సిల్ అయింది. మీ మనీ వెనక్కి" అని చేతిలో పెట్టింది, పైగా నవ్వుతూ.

బోణీ డబ్బు తిరిగిచ్చేస్తారా ఎక్కడైనా! గొంతు కోసినా మా వాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. నేను అరవబోయాను, మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. జీవరాజు గారు ఆ నోటుకేసి చూసి, చిన్నగా మడిచి, జేబులో పెట్టుకున్నారు. "థాంక్సమ్మా" అన్నారు ఆ పిల్లతో. ఎవరి వంకా చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను మధ్యాహ్నం దాకా చూసి, ఎవరో ఒకరి చేత బోణీ చేయించుకునేదాన్ని. గదికి వెళ్ళి చూద్దామంటే చిలకలగూడలో ఏ సందో తెలియదు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆయన ఇంటికి వెళ్ళాల్సిన పని మాకెవరికీ పడలేదు. ఆయనే వచ్చేవారు కదా.

అటు మోకా మహల్ ఏమైనా మూతపడిందా? అబ్బే! కరెంటు వాళ్ళొచ్చి బాగుచేశారు, మూడో రోజుకల్లా జనం గేటు దాకా వరస కట్టారు. బోణీ లేదు, ప్రార్థన లేదు, దేవుడి పటం లేదు, అయినా కిటకిటలాడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అది చూసే మళ్ళీ జీవరాజు గారి కోసం ఏడుపొచ్చింది. తన చెయ్యి చెడిందనుకుంటే ఒక బాధ. ఆ చెయ్యి పడకపోయినా అన్నీ బ్రహ్మాండంగా నడుస్తున్నాయని కళ్ళారా చూస్తే ఆ మనిషి ఏం పెట్టుకుని బతకాలి?

ఆయన ఎక్కడున్నారో కనిపెట్టింది బిక్షమే. "అక్కా, ఓ మాట చెప్త, లొల్లి చెయ్యకు. పెద్దసారు దినాం వస్తున్నడు" అన్నాడు.

"ఎక్కడికి రా?"

"గా బస్టాపుల ఖంబం ఎన్క కూసుంటడు. నీ బండి దిక్కే చూస్తడు. నీకు బోణీ అయిందాక చూసి, మళ్ళ బస్సెక్కి పోతడు. నేను పిలిస్తే సుత పలకలే."

అంటే రోజూ అంత దూరం వచ్చి, నాకు వేరే ఎవరో బోణీ చేశారని నిమ్మళపడి, వెళ్ళిపోతున్నారన్నమాట.

మర్నాడు శనివారం. బండి పెట్టి కూర్చున్నాను. స్తంభం వెనక తెల్లచొక్కా అంచు కనబడింది. ఒకాయన పిల్లల్ని తీసుకుని వచ్చాడు, "అమ్మా, బజ్జీలు" అన్నాడు. "నూనె కాగలేదండీ" అన్నాను. ఇంకొకళ్ళొచ్చారు. కాగలేదన్నాను. "మాడు వాసనొస్తుంటే కాగలేదంటావేంటి?" అని ఆవిడెవరో తిట్టుకుంటూ వెళ్ళింది. అటు బస్సులొచ్చి పోతున్నాయి, ఆయన ఎక్కడం లేదు. ఇటు జనమొచ్చి పోతున్నారు, నేను అమ్మడం లేదు. ఎంతసేపని? మా ఆయన పిండి గిన్నె కింద పెట్టాడు.

"వెళ్ళి తీసుకురా" అన్నాడు. మాట్లాడితే అంతే మాట్లాడతాడు.

రోడ్డు దాటి వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడ్డారు. వారంలో మనిషి సగమయ్యారు.

"ఏవండీ, బండి తెరిచి కూర్చుంటే మీరిక్కడ కూర్చున్నారేంటి?"

"బస్సు కోసమమ్మా."

"చిలకలగూడ బస్సులు ఎన్ని పోయాయో నేను చూళ్ళేదనుకున్నారా?"

ఆయన తల దించుకున్నారు. "వచ్చినవాళ్ళని తిప్పి పంపేస్తున్నావేంటమ్మా? పిల్లలున్నవాళ్ళు, చల్లని చేతులు. వాళ్ళ దగ్గర తీసుకో. నా చేతికి ఏదో అయింది." జేబులోంచి మడిచిన నోటు తీశారు. అదే నోటు. "దీన్ని ఖర్చు పెట్టలేకపోతున్నాను. ఎవరికిస్తే వాళ్ళకి ఏమవుతుందోనని భయం. కానుక పెట్టెలో వేద్దామనుకున్నాను, అదీ మనసొప్పలేదు. మనుషులు తిప్పి కొట్టింది దేవుడికెలా ఇస్తానమ్మా?"

"నాకివ్వండి."

"వద్దు. నీ వ్యాపారం..."

"నా వ్యాపారం సంగతి నేను చూసుకుంటా. మీరిస్తారా, జేబులోంచి లాక్కోమంటారా? రోడ్డు మీద అందరూ చూస్తారు. ఆ వచ్చే బస్సులో మీ డోరమ్మ గారుంటే ఇంక మీ పరువు గోవిందా!"

ఆయన నవ్వారు. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా వెనకే రోడ్డు దాటి వచ్చారు. బండి ముందు నిలబడి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు ప్రార్థన చేశారు. మా ఆయన కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నోటు నా చేతిలో పెట్టారు. కళ్ళకద్దుకున్నాను, పొయ్యి చుట్టూ తిప్పాను, ఆయన చూస్తుండగా డబ్బాలో వేశాను. పక్కనుంచి బిక్షం, "నాకు సుత, పెద్దసారూ!" అన్నాడు. ఒక బుడగ కొన్నారు. "సాయంత్రం వచ్చి ఎలా జరిగిందో కనుక్కుంటానమ్మా" అని చెప్పి వెళ్ళారు.

ఏం చెప్పను ఆ రోజు మా రాత! ఆయన బస్సెక్కాక ఆకాశానికి చిల్లు పడినట్టు వాన. వానలో బజ్జీలకి గిరాకీ అంటారు, నిజమే, తడవకుండా నిలబడే చోటుంటే. ఉన్న జనమంతా పరుగెత్తుకెళ్ళి మోకా మహల్‌లో దూరారు. గాజు గోడల్లోంచి మా బండి కేసి చూస్తూ కాఫీలు తాగారు. మా పొయ్యి రెండుసార్లు ఆరిపోయింది. ఒక్క బేరం, ఒక్కటంటే ఒక్క బేరం లేదు. వాన వెలిసేసరికి సాయంత్రమైంది. పళ్ళెం నిండా మెత్తబడ్డ బజ్జీలు, గిన్నె నిండా పిండి.

అప్పుడు చూశాను, అవతల బస్సు దిగుతూ తెల్లచొక్కా.

"బిక్షం! ఈ బజ్జీలన్నీ తీసుకుపోయి ఆటోవాళ్ళకి పంచెయ్, తొందరగా!" అన్నాను. మా ఆయన కేసి తిరిగి, "ఆ పిండి కాలవలో పొయ్యి" అన్నాను. పిండంటే మా ఆయనకి ప్రాణం. గిన్నె అంచుకంటింది కూడా వేలితో తుడిచి వాడే మనిషి. నా మొహం చూశాడు, రోడ్డు దాటుతున్న జీవరాజు గారిని చూశాడు. గిన్నెత్తి బండి చాటున వాన కాలవలోకి వంపేశాడు.

ఆయన బండి దగ్గరకొచ్చి తడి రోడ్డు కేసీ, మా కేసీ చూశారు. అడగడానికి భయపడుతున్నారు. "వాన పడింది కదమ్మా" అన్నారు.

"పడితే పడింది లెండి. మధ్యాహ్నానికే అంతా ఊడ్చుకుపోయింది. ఇదిగో, కావాలంటే గిన్నె చూడండి. మీకోసం ఒక్కటి దాచుదామన్నా మిగల్లేదు."

ఆయన వంగి గిన్నెలోకి చూశారు. పళ్ళెం చూశారు. అయినా అనుమానం తీరినట్టు లేదు. అప్పుడు మా ఆయన, ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడని మా బుల్లబ్బాయి, గొంతు సవరించుకున్నాడు.

"రేపు రెండింతలు కలపాలండి. ఇవాళ చాల్లేదు" అన్నాడు.

జీవరాజు గారు తన కుడిచెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నారు. చొక్కాకి తుడుచుకుని, మెల్లిగా జేబులో పెట్టుకున్నారు. "రేపు ఆదివారం కదమ్మా. ఆరాధన అయ్యేసరికి ఆలస్యమవుతుంది. నాకోసం ఆగకండి" అన్నారు.

"ఆగకపోతే ఎలాగండీ? నూనె కాగద్దూ?" అన్నాను.

సరేనని తలూపి రోడ్డు దాటారు. బస్టాపులో ఇంకెవరూ లేరు. చిలకలగూడ బస్సొచ్చింది. ఆయన చెయ్యెత్తారు, బస్సు ఆగింది. కిటికీ పక్క సీట్లో ఒక్కరే కూర్చుని, బస్సు కదిలేదాకా మా బండి కేసే చూశారు. నేను చెయ్యూపుతూనే ఉన్నాను. మా ఆయన ఖాళీ గిన్నె కడుగుతున్నాడు.